ఆకాశానికి వెళ్ళొచ్చిన మూట

మా పెద్దమ్మ తోతుయా రోజూ పొద్దున్నే ఆవు పాలు పితికి, టీకి నీళ్ళు పెట్టి, ఆ నీళ్ళు మరిగేలోపు ప్లాస్టిక్ సంచులు ఉతుకుతుంది. రొట్టె తెచ్చిన సంచి, చక్కెర తెచ్చిన సంచి, ఎవరి విందు నుంచో మాంసం మోసుకొచ్చిన జిడ్డు సంచి, అన్నిటినీ లోపలిది బయటికి తిరగేసి, సబ్బుతో రుద్ది, పెరట్లో తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేస్తుంది. మా కొండ ఊరు అట్‌బాషీలో దేనికి కరువొచ్చినా గాలికి రాదు. ఆ సంచులు నోళ్ళు తెరిచి గాలి మింగి, పొట్టలు ఉబ్బించుకుని రోజంతా తాడు మీద గెంతుతూ ఉంటాయి. పెద్దమ్మ ఇల్లెక్కడని కొత్తవాళ్ళు అడిగితే వీధిలో ఎవరైనా "సంచులు ఎగురుతుంటాయే, అదే" అని చెబుతారు.

నవ్వేవాళ్ళు నవ్వుతారు గానీ, సంచి లేకుండా మా విందు సాగదు. విందుకు వెళ్ళినవాళ్ళు తిన్నంత తిని మిగిలిన తమ వాటా ఇంటికి తెచ్చుకోవాలి. తేకపోతే ఇంట్లోవాళ్ళు అలుగుతారు, వడ్డించినవాళ్ళూ అలుగుతారు. అందుకే పెద్దమ్మ కోటు జేబులో మడతపెట్టిన సంచి ఎప్పుడూ ఉంటుంది. చావుకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా.

పోయిన వేసవిలో ఆ సంచికి పెద్ద పని పడింది.

పెద్దమ్మ కూతురు ఐజామల్‌ని అంతకుముందు శరదృతువులో ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక ఇంటికిచ్చారు. ఆ సంబంధం పెద్దమ్మ అత్తగారు బురుల్ అవ్వకి నచ్చలేదు. కొండ పిల్లని చేపలు తినే ఇంటికి ఇస్తారా అని పెళ్ళి రోజు దాకా సణిగింది, పెళ్ళి తరవాత ఇంకా బాగా సణిగింది. ఇప్పుడు వియ్యాలవారు విందుకు పిలిచారు. అవ్వ మోకాళ్ళు ప్రయాణం చెయ్యనివ్వవు. పెద్దమ్మ, తోడుగా నేను బయల్దేరాం. గుమ్మం దగ్గర అవ్వ కోడలి చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీకు ఏ ముక్క పెడతారో చూడు. ఉచా పెట్టారనుకో, సరే, మన పిల్లకి విలువుందనుకుందాం. భుజం ముక్క పెట్టారనుకో, పిల్లని గిన్నెలు తోమడానికి తెచ్చుకున్నట్టే లెక్క."

ఉచా అంటే తోక కొవ్వుతో కలిసున్న గొర్రె నడుం ముక్క. ఆడవాళ్ళలో అందరికన్నా పెద్ద పీట వేసినవాళ్ళకే అది పెడతారు.

"పిల్లనే అడుగుతాలే అత్తా," అంది పెద్దమ్మ.

"అడిగితే చెబుతుందా? ఈ ఇంటికొచ్చిన కొత్తలో నువ్వు మీ అమ్మకి చెప్పావా?"

పెద్దమ్మ కోటు గుండీలు సర్దుకుంది.

"అందుకే చెబుతున్నా. ఉచా పెడితే కొరక్కుండా, కొయ్యకుండా, ఉన్నదున్నట్టు నాకు తీసుకురా. నేను చేత్తో పట్టుకుని చూడాలి."

బస్సులో పెద్దమ్మ దిగులు మరొకటని నాకు తెలిసింది. ఐజామల్ మా ఇళ్ళన్నిటిలోకీ గట్టిగా నవ్వే పిల్ల. అది నవ్వితే కొట్టంలో ఆవు తల తిప్పి చూసేది. పెళ్ళయ్యాక ఫోనులో ఎప్పుడు పలకరించినా "బాగున్నానమ్మా" అంటుంది, అంతే. గొంతులో ఎత్తూ ఉండదు, పల్లమూ ఉండదు. ఇంకో మాట అడిగేలోపు ఫోను పెట్టేస్తుంది.

"బాగున్నవాళ్ళు ఎవరైనా ఇన్నిసార్లు బాగున్నామని చెబుతారా?" అంది పెద్దమ్మ కిటికీలోంచి చూస్తూ.

వియ్యపురాలు మినావర్ వీధి చివరికే ఎదురొచ్చింది. రోడ్డు పక్కన పొగబెట్టిన చేపలు అమ్ముతుంది. ముందు వరసలో బంగారు పళ్ళు, గుమ్మం నిండే మనిషి. పెద్దమ్మని కావలించుకుని వదిలేసరికి పెద్దమ్మ మొహం నిండా పిండి ఉంది. మినావర్ అరచేతుల్లో పట్టుకొచ్చిందన్నమాట. మాలో వియ్యాలవారు ఒకరినొకరు ఏడిపించుకోకపోతే సంబంధం చప్పబడిందని అర్థం. ఆ రాత్రి మినావర్ తోడికోడళ్ళు పెద్దమ్మ కోటు చేతులు రెండూ చివర్లో కుట్టేశారు. పొద్దున్న ఆమె చేతులు దూర్చి, అవి బయటికి రాక, పెంగ్విన్‌లా వాకిట్లో నిలబడింది. "అట్‌బాషీలో కోట్లు ఇలాగే తొడుగుతారా వదినా?" అని మినావర్ అమాయకంగా అడిగింది.

విందులో పెద్దమ్మ ముందుకు ఉచానే వచ్చింది. తెల్లగా, నున్నగా, ఆవిరి కక్కుతూ, దాని మీద తోక కొవ్వు వణుకుతూ. పెద్దమ్మ ఊపిరి వదిలింది. నాకు పక్కనుంచి వినబడింది.

కానీ ఆమె కళ్ళు పళ్ళెం మీద నిలవలేదు. ఐజామల్ తెల్ల రుమాలు తలకి బిగించుకుని, టీ గిన్నెలు అందిస్తూ, ఎవరి మొహమూ చూడకుండా తిరుగుతోంది. మినావర్ ఏదో జోకు వేసింది. గదంతా ఘొల్లుమంది. ఐజామల్ మాత్రం పెదాలు బిగించి, తల ఇంకాస్త వంచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"తినండి వదినా, చూస్తే కడుపు నిండుతుందా?"

"మా అత్తకి తీసుకెళ్ళాలి వదినా. ముక్కలు చెయ్యకుండా తెమ్మంది."

మినావర్ తోడికోడళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పెద్దమ్మ ఆ చూపు పట్టేసింది. జేబులోంచి సంచులు తీసి, పళ్ళేన్ని స్వయంగా వంటింట్లోకి మోసుకెళ్ళి, ఎవరి చేతికీ ఇవ్వకుండా కూతురి చేతికిచ్చింది. "నువ్వే చుట్టు. ముళ్ళు గట్టిగా వెయ్యి. ఈ దొంగల ఇంట్లో నిన్నొక్కదాన్నే నమ్ముతాను." కాసేపటికి ఐజామల్ తువ్వాలు చుట్టి, సంచిలో సంచి పెట్టి, ముడి మీద ముడి వేసిన మూట తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. ఆ రాత్రి పెద్దమ్మ మూటని తల కింద పెట్టుకుని పడుకుంది.

మర్నాడు మేం బయల్దేరాలి. టీ తాగుతుండగా మినావర్ చేతులు తుడుచుకుంటూ అంది.

"గొర్రె కోశాం. కొత్త కోటు కప్పాం, ఈసారి చేతులు కుట్టకుండానే. మీకింకా పెట్టనిది ఏముందా అని రాత్రంతా ఆలోచించాను వదినా. ఆకాశం ఒక్కటే మిగిలింది."

ఆమె అక్క కొడుకు తిలెక్ ఊరి పక్క ఎర్రమట్టి కొండ మీదినుంచి మనుషుల్ని పారాగ్లైడర్‌లో ఎగరేస్తాడు. వేసవంతా అతనికి అదే పని. తను వెనక, వచ్చినవాళ్ళు ముందు, ఇద్దరికీ ఒకే గుడ్డ.

"నాకెందుకు వదినా ఆకాశం?"

"భయమైతే వద్దులెండి," అంది మినావర్ మెత్తగా. "అట్‌బాషీ వాళ్ళు గుర్రం కన్నా ఎత్తయింది ఎక్కరని విన్నాను. నిజమేనన్నమాట."

తోడికోడళ్ళు గిన్నెల్లోకి తలలు వంచారు. పెద్దమ్మ తన గిన్నె బోర్లించింది.

"మా వంటిల్లే మీ కొండంత ఎత్తులో ఉంది వదినా. నేను రోజూ అక్కడే టీ కాస్తాను. పదండి, ఎక్కడ మీ ఆకాశం?"

ఆ మాట తను ఎందుకన్నదో తరవాత నాకు చెప్పింది. తను వెనకడుగు వేస్తే, ఆ మాట ఈ ఇంట్లో పడి ఉంటుంది. ఇంకో ఇరవయ్యేళ్ళు ఐజామల్ టీ పోసినప్పుడల్లా ఎవరో ఒకరు ఆ మాట తీసి పిల్ల ముందు పెడతారు.

అసలు చిక్కు మూటతో వచ్చింది.

"ఇటివ్వండి వదినా, వాన్‌లో పెడతాను," అంది మినావర్.

"మీకా? పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టుంటుంది."

తోడికోడళ్ళ సంగతి కోటుకి తెలుసు. నా వైపు చూసి "నువ్వు పుస్తకం తెరిచావంటే నీ ఒళ్ళోంచి గొర్రెని తోలుకుపోయినా తెలీదు," అంది. కూతురి వైపు చూసి, "నువ్వు అడిగితే లేదనలేవు. కోడలివి," అని నిట్టూర్చింది. చివరికి మూటని పొట్టకి ఆనించి, ఉన్ని శాలువాతో నడుం చుట్టూ బిగించి, పైన కొత్త కోటు తొడిగి గుండీలు పెట్టుకుంది. తొమ్మిదో నెల గర్భిణిలా ఒక చెయ్యి కింద వేసుకుని నడుస్తూ వాన్ ఎక్కింది.

కొండ మీద ఎర్రటి గుడ్డ గడ్డిలో పరిచి ఉంది. పెద్దమ్మ వంగి, అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసింది.

"మంచి సరుకే. ఉతికితే రంగు దిగుతుందా?"

"ఉతకం అత్తయ్యా," అన్నాడు తిలెక్.

"తెలుస్తూనే ఉంది."

అతను ఆమెకి పట్టీలు బిగిస్తూ అడిగాడు. "బరువెంతుంటారు?"

"ఆడదాన్ని బరువడుగుతావా?"

"నేను కాదు, గాలి అడుగుతోంది."

"గాలికి చెప్పు, నిన్న మీ పిన్ని ఇంట్లో తిన్నాను, ఆ బరువు మీ వాళ్ళ లెక్కలో వేసుకోమని."

పొట్ట దగ్గర పట్టీ బిగుస్తుంటే అతని చెయ్యి గట్టిదేదో తగిలి ఆగింది. "ఇదేంటి అత్తయ్యా?"

"నా మనవడు. చెయ్యి తియ్యి."

తిలెక్ తన పిన్ని వైపు చూశాడు. మినావర్ మేఘాలు చూస్తోంది. ఐజామల్ మాకు వీపు తిప్పేసి, రుమాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. పెద్దమ్మ మొహం మారిపోయింది.

"ఏడవకే తల్లీ! ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాను."

భుజాలు ఇంకా ఎక్కువ కదిలాయి.

తిలెక్ చెప్పాల్సింది చెప్పాడు. "పరుగు అనగానే పరుగెత్తాలి. ఆగకూడదు, కూర్చోకూడదు, నేను చెప్పేదాకా ఏమీ చెయ్యకూడదు." గాలి సరిగ్గా ఎదురుగా వచ్చింది. అతను తాళ్ళు లాగాడు. ఎర్ర గుడ్డ గడ్డి మీదినుంచి లేచి, నిండా గాలి పోసుకుని వాళ్ళ నెత్తిమీద నిలబడింది. సరిగ్గా అప్పుడు పెద్దమ్మకి దీవెన చెప్పకుండా ప్రయాణం మొదలుపెడుతున్నామని గుర్తొచ్చింది. రెండు అరచేతులూ చాపి పైకెత్తింది.

"దారి తెల్లగా సాగాలి, వెళ్ళిన కాలు తిరిగి గడప తొక్కాలి..."

పెద్దావిడ అరచేతులు చాపితే మేమేం చేస్తాం? మినావర్ చాపింది, తోడికోడళ్ళు చాపారు, నేను చాపాను, వాన్ డ్రైవర్ సిగరెట్ పారేసి చాపాడు. తిలెక్ కూడా చాపాడు. పుట్టిన దగ్గర్నుంచీ పెద్దవాళ్ళతో పాటు లేచిన చేతులవి, ఈసారీ అతన్ని అడగలేదు. పట్టుకున్న పిడులు రెండూ వదిలేశాయి. గుడ్డ ఒక పక్కకి ఒరిగి, ఒక్క నిమిషం ఆలోచించినట్టు ఆగి, కర్రలు తీసేసిన గుడారంలా వాళ్ళిద్దరి మీదా కూలింది.

గుడ్డ కిందనుంచి పెద్దమ్మ గొంతు స్థిరంగా దీవెన ముగించింది.

"ఓమిన్."

"ఓమిన్," అంది తిలెక్ గొంతు, కాస్త నీరసంగా.

రెండోసారి లేచారు. పెద్దమ్మ కట్టు తెంచుకున్న దూడ వెనక పరుగెత్తినట్టు పరుగెత్తింది. కొండ అంచు అయిపోయింది. ఆమె కాళ్ళకి ఆ సంగతి తెలీలేదు, గాల్లో కూడా చాలాసేపు పరుగెడుతూనే ఉన్నాయి.

పైన ఏం జరిగిందో నాకు ఇద్దరూ చెప్పారు, రెండూ కలవవు. మౌనంగా సరస్సు చూస్తూ కూర్చున్నానని పెద్దమ్మ అంటుంది. కళ్ళు మూసుకుని తన పుట్టింటి తాతల పేర్లన్నీ ఏడో తరం దాకా పిలిచిందని, ఒక్కరూ రాకపోయేసరికి కళ్ళు తెరిచిందని తిలెక్ అంటాడు. కళ్ళు తెరిచాక మాత్రం ఊరుకోలేదట. ఎవరి పెరట్లో దుప్పటి సరిగ్గా పిండకుండా ఆరేశారో, ఎవరి కప్పు మీద ఆప్రికాట్లు తిరగెయ్యకుండా మాడ్చేస్తున్నారో వరసగా చెప్పుకుంటూ పోయిందట. గాలి కింద నుంచి కొత్త కోటులోకి దూరి ఉబ్బించింది. సరస్సు నీలంగా, అవతలి ఒడ్డు కనిపించనంత వెడల్పుగా, కాళ్ళ కింద పడుకుని ఉంది.

"నా సంచులకి రోజూ ఇదేనన్నమాట," అందట. "సాయంత్రం తాడు మీంచి తీస్తుంటే అంత పేచీ ఎందుకు పెడతాయో ఇప్పుడు తెలిసింది."

అప్పుడు వెనక్కి, కొండ వైపు తిరిగారు. కింద గడ్డిలో తెల్ల రుమాలు చుక్కలా కనబడింది. ఐజామల్ నేల మీద కూలబడి ఉంది. పక్కనే మినావర్ వంగి దాని వీపు నిమురుతోంది.

"నా కూతురు ఏడుస్తోంది. దించు."

"ఇక్కడా? ఇదేమన్నా మినీబస్సా అత్తయ్యా, చెయ్యెత్తితే ఆపడానికి?"

పెద్దమ్మ మూట మీద రెండు చేతులూ వేసుకుని ఆ చుక్కనే చూస్తూ కూర్చుందట. దిగబోయే ముందు ఒక్క మాట అంది. "మీ పిన్ని మంచి మనిషేనయ్యా. చూడు ఎలా నిమురుతోందో."

తిలెక్‌కి సంగతి అప్పటికే కొంత అనుమానంగా ఉందట.

మేం వాన్‌లో సరస్సు పక్క పచ్చికలోకి చేరేసరికి వాళ్ళు దిగిపోయారు. పెద్దమ్మ కాళ్ళు ముందుకు చాపి కూర్చుని ఉంది. తిలెక్ తాళ్ళు విడదీస్తున్నాడు. పక్క మందలోంచి కాపరి కుక్కలు మొరుగుతూ వాళ్ళ మీదికి ఉరికాయి. తిలెక్ కొయ్యబారిపోయాడు. పెద్దమ్మ మూటని రెండు చేతులా కావలించుకుని అరిచింది.

"నన్ను కరవండి! దీన్ని ముట్టుకున్నారంటే చంపేస్తా!"

కుక్కలు వచ్చాయి. కోటు వాసన చూశాయి. పొట్ట దగ్గర మూట ఉన్నచోట ముక్కులు ఆనించాయి. తరవాత ఒకటి ఆవలించింది. ఇంకోటి ఎర్ర గుడ్డ మీద కాలెత్తి, తన పని చూసుకుని, మిగతావాటి వెనక నడిచి వెళ్ళిపోయింది.

పెద్దమ్మకి అవమానం ముంచుకొచ్చింది. "ఏం కుక్కలయ్యా ఇవి? గొర్రె తోక పక్కన పెట్టుకుని ఆవలిస్తాయా? చేపలు తిని తిని వీటి ముక్కులు చచ్చాయి! మా ఊరి కుక్కయితే ఈపాటికి..."

మాట అక్కడే ఆగింది. ఆమె తల వంచి పొట్ట వైపు చూసుకుంది. తరవాత మా వైపు చూసింది. మినావర్ మళ్ళీ మేఘాలు చూస్తోంది.

పెద్దమ్మ కోటు గుండీలు విప్పింది. శాలువా విప్పింది. ముళ్ళు ఒకటొకటే పళ్ళతో లాగింది. సంచి, దాని లోపల సంచి, దాని లోపల తువ్వాలు. తువ్వాల్లో సరస్సు ఒడ్డు రాయి ఒకటి, గుండ్రంగా, తెల్ల చారలతో, చక్కగా సబ్బుతో రుద్ది, మెరుస్తూ.

అప్పుడు ఆ శబ్దం వచ్చింది. నేను దాన్ని పెళ్ళి దగ్గర్నుంచీ వినలేదు. ఐజామల్ నవ్వు. ముందు ముక్కులోంచి, తరవాత గొంతులోంచి, ఆ తరవాత కాళ్ళు నిలవక గడ్డిలో పడి. మందలో గొర్రెలన్నీ తలలెత్తాయి.

"మనవడన్నావమ్మా! రాయిని పట్టుకుని నా మనవడన్నావు!"

"నువ్వు... కొండ మీద ఏడిచావు కదే?"

"ఏడుపా? ఊపిరాడక చచ్చాను! అత్తయ్య వీపు మీద కొట్టి బతికించింది!"

మినావర్ గుండె మీద చెయ్యేసుకుంది. "రొట్టె మీద ఒట్టు వదినా, ఈ ఆలోచన నాది కాదు. రాయి ఏరింది, సబ్బుతో రుద్దింది, అన్నీ మీ అమ్మాయే. నేను చిన్న రాయి చాలన్నాను. ఊహూఁ! 'మా అమ్మ చేత్తో ఎత్తితే బరువు కనిపెట్టేస్తుంది' అని ఒడ్డంతా తిరిగి తూకం చూసి తెచ్చింది. దాన్ని మీరు ఆకాశానికి తీసుకెళతారని మాత్రం మాకు కలలో కూడా తెలీదు."

"మరి విందులో తలెత్తలేదేం?" పెద్దమ్మ గొంతు ఇంకా పూర్తిగా కిందికి దిగలేదు.

"ఎత్తితే నవ్వొచ్చేస్తుందమ్మా! ఈవిడ నాకు కన్నుకొడుతూ ఉంది."

"ఫోనులో ఎప్పుడూ చచ్చిన గొంతుతో బాగున్నానంటావేం?"

ఐజామల్ కళ్ళు తుడుచుకుంది. "నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అత్తయ్య పక్కన కూర్చుని నీలా మాట్లాడుతుంది. 'తిన్నావా తల్లీ, సాక్సు వేసుకున్నావా తల్లీ' అని. నవ్వు ఆపుకుంటూ ఇంకేం మాట్లాడను?"

మినావర్ వెంటనే చేసి చూపించింది. అచ్చం పెద్దమ్మే.

పెద్దమ్మ రాయి పక్కన పెట్టింది. లేచి కూతురి వీపు మీద ఒకటి వేసింది. వియ్యపురాలి వీపు మీద అంతకన్నా గట్టిగా ఒకటి వేసింది. ఆ తరవాత ఇద్దరి మెడల చుట్టూ చేతులు వేసి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతసేపు నవ్విందంటే, చివరికి తిలెక్ వచ్చి, గుడ్డ మడవాలి, కాస్త పక్కకి జరగమని అడగాల్సొచ్చింది.

అసలు ఉచా వాన్‌లో డ్రైవర్ సీటు కింద, మూతపెట్టిన బాల్చీలో ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. పెద్దమ్మ ఉతికి తెచ్చిన సంచిలోనే ఉంది.

ఇంటికొచ్చాక పెద్దమ్మ బురుల్ అవ్వ ముందు మొదట రాయి పెట్టింది. అవ్వకి చూపు సరిగ్గా ఆనదు. చేత్తో తడిమింది, వేలితో కొట్టి చూసింది.

"ఇదేంటే?"

"వియ్యాలవారు పెట్టింది."

"రాయి పెట్టారా! నేను ముందే చెప్పాను, చేపలు తినేవాళ్ళు..."

"మూట ఎవరు కట్టారో అడుగు అత్తా."

"ఎవరు?"

"నీ మనవరాలు. అత్తగారితో కుమ్మక్కై."

అవ్వ రాయిని మళ్ళీ అరచేత్తో నిమిరింది.

"నవ్విందా?"

"నేల మీద పడి."

"ఊఁ," అంది అవ్వ. "సరే, కత్తి తే. అసలుది ఎక్కడుంది?"

పెద్దమ్మ మళ్ళీ ఎగరలేదు. రోజూ పొద్దున్న సంచులు ఉతుకుతూనే ఉంది. ఆ రాయి ఇప్పుడు ఆమె వంటింట్లో, ఉప్పు క్యాబేజీ ఊరేసిన పీపా మూత మీద బరువుగా ఉంది.